గోడ మీద నాన్న కాళ్ళు

తవ్వకాల బస, మూడో గది
జనవరి 9

తమ్ముడూ,

ముందు చెడ్డ కబురు చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా తిట్టుకో. నువ్వు కుట్టి ఇచ్చిన బూట్లు పోయాయి. సామాన్ల గదిలో పైపు పగిలింది. సెలవు మూడు రోజులూ ఎవరం అటు పోలేదు, తలుపు తీసేసరికి లోపల మోకాలి లోతు నీళ్ళు. మూడు రోజులు నానిన తోలు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా? ఎండబెడితే కొయ్యలా బిగుసుకుపోయాయి. పారేయడానికి మనసొప్పక మంచం కింద పెట్టుకున్నాను. ఇక్కడి కొట్లో దొరికిన గుడ్డబూట్లు వేసుకుని తిరుగుతున్నాను. అవి చీలమండ దాకా కూడా రావు. పన్నెండేళ్ళుగా నీ బూట్లు తప్ప మరొకటి ఎరగని కాళ్ళు కదా, కాస్త గునుస్తున్నాయి.

ఇక పని సంగతి. ఈ తవ్వకాలు చేయించే మా పెద్దాయన రాయబోయే పుస్తకంలో ఈసారి కాళ్ళకే ఒక అధ్యాయం ఉంటుందట. ఈ పాడుబడ్డ నగరంలో ఏ గోడ చూసినా బొమ్మలే. ఇన్నేళ్ళూ వచ్చినవాళ్ళంతా ముఖాలూ కిరీటాలూ చూసి వెళ్ళారు గానీ కిందకి చూసినవాడు లేడు. గోడకి పల్చటి కాగితం ఆనించి, చెక్కిన గీత ఎటు పోతే పెన్సిల్ని అటు పోనివ్వడమే నా పని. సొంత తెలివి వాడకూడదు. అందుకే నాకు ఈ ఉద్యోగం ఇచ్చారని నువ్వంటావని తెలుసు.

ఒక తమాషా చూశాను. రాజుగారికీ, మంత్రిగారికీ, ఆఖరికి దేవతలకీ ఒకటే పాదం, అచ్చు గుద్దినట్టు. పనివాళ్ళ దగ్గరికి వచ్చేసరికి శిల్పికి కళ్ళు తెరుచుకున్నాయి. నీళ్ళు మోసేవాడి బొటనవేలు పక్కవేలి మీదకి ఒరిగిపోయి ఉంది. ఇటుకలు మోసేవాడి అరికాలు నేలకి అతుక్కుపోయింది. ధాన్యం దంచే ముసలమ్మ మడమల్లో పగుళ్ళు కూడా చెక్కాడు మహానుభావుడు. ఆరు కాగితాలు పంపుతున్నాను. ఏ కాలికి ఏం వచ్చిందో నీ వైద్యం చూపించు.

మా పిడుగు నిన్నూ మరదల్నీ ఎంత కాల్చుకు తింటోందో రాయి. వాళ్ళ నాన్న పోయిన దగ్గర్నుంచీ దానికి మీ ఇల్లే ఇల్లయింది. నేను ఎక్కడో గోడలు పట్టుకుని వేలాడుతున్నాను.

అక్క


ఆసుపత్రి వెనక, చెప్పుల గది
జనవరి 17

అక్కా,

నీ ఆరుగురు రోగులనీ పరీక్షించాను. నీళ్ళవాడిది బొటనవేలి కీలు వాపు. ఇరుకు బూట్ల వల్లే అది వస్తుందని మా డాక్టర్లు ఊదరగొడుతుంటారు, వట్టికాళ్ళవాడికి ఎలా వచ్చిందో రేపు వాళ్ళనే అడుగుతాను. ఇటుకలవాడిది అరికాలి వంపు కుంగిపోవడం. నా దగ్గరికి వస్తే ఒక అట్ట పెట్టి నిలబెట్టేవాణ్ణి గానీ రెండు వేల ఏళ్ళు ఆలస్యం చేశాడు. ముసలమ్మ మడమలకి మందు నీకూ తెలుసు, నాకూ తెలుసు, ఆవిడే రాసుకోదు.

బూట్ల సంగతి చదివి నాకు పనిమీద మనసు నిలవడంలేదు. ఆ గుడ్డబూట్లు వేసుకుని నిచ్చెన ఎక్కకు. నవ్వులాటకి చెప్పడంలేదు. కొత్త జత మొదలుపెట్టాను, మడమ దగ్గర తోలు బిగవడానికి రోజులు పడుతుంది, మూడు వారాల్లో పంపుతాను. అందాకా నేల మీద ఉన్న బొమ్మలు గీసుకో. పాత బూట్లు మాత్రం పారేయకు, ఎవరికీ ఇవ్వకు, వీలుంటే నాకు పంపెయ్యి. అందులో మంచి ముక్కలు ఉన్నాయి, పనికొస్తాయి.

పిడుగు బాగుంది. బడికి వెళ్తోంది, వస్తోంది.

తమ్ముడు


తవ్వకాల బస, మూడో గది
ఫిబ్రవరి 2

తమ్ముడూ,

ఈ కాగితాలు విప్పేముందు కూర్చో.

మొన్న తవ్వకంలో బయటపడ్డ కొత్త గదిలో ఒక గోడ తెరిచారు. పాలకుడి కుటుంబం ఊరేగింపు అది. తండ్రి, ఇద్దరు కొడుకులు, వెనక ఒక కూతురు. ఇక్కడ శిల్పి అచ్చుపాదం పక్కన పెట్టేశాడు. కాగితం ఆనించి తండ్రి కాలు గీయడం మొదలుపెట్టాను. అరికాలి వంపు ఎంత ఎత్తంటే కింద నిమ్మకాయ దొర్లించవచ్చు. వేళ్ళు కొక్కేల్లా ముడుచుకున్నాయి. మోకాలి కింద సన్నగా, పుల్లలా ఉంది. అడుగు వేయడానికి మోకాలు అంత ఎత్తున లేపాడు. గీత పూర్తయ్యేసరికి నా చెయ్యి ఆగిపోయింది. అది మన నాన్న కాలు.

నువ్వు నవ్వుతావని తెలుసు. కానీ ఆ కాలు నేను చిన్నప్పుడు రోజూ చూశాను. ఆయన వీధి మలుపు తిరక్కముందే వస్తున్నాడని అడుగుల చప్పుడుకే తెలిసేది, ముందు వేళ్ళు నేలని కొట్టేవి, తర్వాత మడమ. పడిపోతే పడ్డానని ఒప్పుకునేవాడు కాదు, కింద ఏదో వెతుకుతున్నట్టు తడుముకునేవాడు. పక్కనున్నవాళ్ళు కూడా వంగి వెతికేవాళ్ళు. అవన్నీ ఒక్కసారి మీదపడ్డాయి. అక్కడ ఒంటరిగా ఉండలేక దీపం ఆర్పేసి బయటికి వచ్చి కూర్చున్నాను.

ఇద్దరు కొడుకులవీ అదే కాళ్ళు. కూతురిది మాత్రం తిన్నగా, చక్కగా ఉంది. అది చూసి ప్రాణం లేచి వచ్చింది. మన ఇంట్లో కూడా అంతే కదా. నీకు నాన్న కాళ్ళు వచ్చాయి, పాపం, ఆ బాధ పడీ పడీ చివరికి చెప్పుల పనే నేర్చుకున్నావు. నాకు అమ్మ కాళ్ళు వచ్చాయని నాన్న ఎన్నిసార్లు అనేవాడో. పిడుగు పుట్టినప్పుడు నేను ముందు చూసింది దాని ముఖం కాదురా, పాదాలు. ఎవరికీ చెప్పలేదు ఈ సంగతి.

నువ్వు ఊరుకోవు గనక నేనే చెప్తున్నాను, ఈ వారం మూడుసార్లు తూలాను. ఒకసారి నిచ్చెన రెండో మెట్టు మీంచి జారాను. దెబ్బేం తగల్లేదు. ఇక్కడ నేల ఎగుడుదిగుడు, బూట్లు పలచన. ఆ కుటుంబానికి వచ్చింది ఏమిటో వివరంగా రాయి, పెద్దాయన తొందరపెడుతున్నారు.

అక్క


ఆసుపత్రి వెనక, చెప్పుల గది
ఫిబ్రవరి 10

అక్కా,

కాగితాలు చేరాయి. అది జబ్బేం కాకపోవచ్చు. ఆ శిల్పి చెక్కే తీరు అలాంటిదేమో. పుస్తకంలో అంత గట్టిగా ఏమీ రాయవద్దని మీ పెద్దాయనకి చెప్పు.

బూట్లు ఇవాళ పార్సిల్ చేశాను. అవి చేతికి వచ్చేదాకా గోడ దగ్గరికి వెళ్ళకు. ఒట్టు పెట్టుకుని చెప్పు, వెళ్ళనని. పాత బూట్లు ఇంకా పంపలేదేం?

అందరం బాగున్నాం.

తమ్ముడు


తవ్వకాల బస, మూడో గది
ఫిబ్రవరి 23

తమ్ముడూ,

కాళ్ళ గురించి అడిగితే చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడివి, ఇంత పెద్ద గోడ పంపిస్తే నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నావు. పిడుగు మాటే ఎత్తలేదు. అప్పుడే అనుమానం రావలసింది. నేనే మందబుద్ధిని.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మా దగ్గర గోడలు శుభ్రం చేసే ఆవిడ ఉంది, అందరం సున్నపు పిన్ని అంటాం. పాత సున్నాన్ని వేలితో తట్టి అది ఎప్పటిదో చెప్పగలదు. సోమవారం ఆవిడ ఆ కూతురి బొమ్మ దగ్గర ఆగిపోయింది. "ఇది చెక్కిన రాయి కాదమ్మా, పూసిన సున్నం. తర్వాత పూశారు" అంది. మెత్తటి కుంచెతో రెండు రోజులు రుద్దింది. తిన్నని పాదం పొట్టులా రాలిపోయింది. కింద అసలు పాదం ఉంది, అదే ఎత్తు వంపు, అవే కొక్కేల వేళ్ళు. శిల్పి ఉన్నది ఉన్నట్టు చెక్కితే, ఎవరో చెప్పి పూడ్పించారు. "కొడుకులవి వదిలేసి దీనిదొక్కటే పూడ్చారు చూడు. పెళ్ళి కావలసిన పిల్ల అయి ఉంటుంది" అంది పిన్ని. ఆవిడ నవ్వింది, నాకు నవ్వు రాలేదు.

ఆ రోజే నీ పార్సిల్ వచ్చింది. కొత్త బూట్లు వేసుకుని బస చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. నెలన్నరగా తూలుతున్నదాన్ని, ఒక్కసారి కూడా తూలలేదు. అదే ఎగుడుదిగుడు నేల, అవే మెట్లు. సంతోషించాల్సింది పోయి బూట్లు విప్పి చేతిలో పట్టుకుని కూర్చున్నాను. నా కాళ్ళు మంచివే అయితే ఏ బూట్లు వేసుకుంటే ఏం?

మంచం కింద నుంచి పాత బూటు తీశాను. పిన్ని దగ్గర కత్తి తెచ్చి లోపలి తోలు ఊడదీశాను. కింద ఒక ముక్క ఉంది. బయటి అంచున బొటనవేలంత మందం, లోపలికి వచ్చేసరికి పల్చన. అది ఒక్క ముక్క కాదు, పొర మీద పొర, ఏడు పొరలు అతికించి ఉన్నాయి. ప్రతి పొర వెనకా నీ చేతిరాతతో తేదీ. కొత్త జత కుట్టినప్పుడల్లా పాతదాంట్లోంచి తీసి ఇందులో పెడుతూ, కావలసినప్పుడు ఒక పొర చేరుస్తూ వచ్చావన్నమాట. మొదటి పొర మీద తేదీ నా పెళ్ళికి నెల ముందుది.

తర్వాత అద్దం ఎదురుగా వట్టికాళ్ళతో నిలబడ్డాను. నలభై ఏళ్ళ మనిషిని, నా కాళ్ళు నేను మొదటిసారి పరీక్షగా చూసుకున్నాను. మడమ మీద నిలబడి వేళ్ళు పైకి లేపుదామంటే కుడివి లేవడంలేదు. పదిసార్లు ప్రయత్నించాను. పదకొండోసారి ప్రయత్నించడానికి భయం వేసింది.

నా మీద కోపమో నీ మీద కోపమో తర్వాత తేల్చుకుందాం. నాకు ఒక్క ముక్క చెప్పు, చుట్టూ తిప్పకుండా. పిడుగు బూట్లు కుట్టేదీ నువ్వే. వాటిల్లో ముక్క ఉందా?

అక్క


ఇంటి నుంచి
మార్చి 3

అక్కా,

ఉంది. ఒక పొర. ఈ జనవరి ఒకటో తారీఖున పెట్టాను, నీ మొదటి ఉత్తరం రావడానికి పదిరోజుల ముందు.

ఈ వాక్యం రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మిగతాది గబగబా రాసేస్తాను.

నీ పెళ్ళికి బూట్లు కుడదామని నీ పాదాలు కాగితం మీద గీశాను, గుర్తుందా? ఆ గీత చూసి నాన్న దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చాలాసేపు చూసి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దానికి చెప్పకురా. నాకు చిన్నప్పుడే చెప్పేశారు. పడకముందే పడిపోతానన్న భయంతో బతికాను. దాన్ని అలా బతకనివ్వకు. నీకు చేతిలో పని ఉంది, చూసుకో" అన్నాడు. నాకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. సరేనన్నాను. పిడుగు పుట్టబోతోందని నువ్వు చెప్పిన రోజు మాత్రం నా పై ప్రాణం పైనే పోయింది. అప్పటికి చెప్పి ప్రయోజనం లేదనుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడు చెప్దామన్నా, ఇన్నాళ్ళు ఎందుకు దాచావంటావని నోరు పెగల్లేదు. తప్పు నాన్నది కాదు, నాది. ఆయన నీ పెళ్ళయ్యేదాకా దాచమన్నాడేమో, నేను పన్నెండేళ్ళు దాచాను.

మా ఆసుపత్రిలో దీన్ని నరాల జబ్బు అంటారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగానికి సగం. ప్రాణం మీదకి రాదు. నడకని తింటుంది, కొందరిలో మెల్లగా, కొందరిలో తొందరగా. పిడుగుకి ఏ దారి పడుతుందో డాక్టరు కూడా ఇప్పుడే చెప్పలేడు. నువ్వు అడగలేదు గానీ ఇంకొకటి ఉంది. కొందరికి చేతులకి కూడా వస్తుంది. నువ్వు పంపే ప్రతి కాగితంలో ముందు నీ గీత వణికిందా అని భూతద్దం పెట్టి చూస్తాను, తర్వాతే కాళ్ళు చూస్తాను. ఇప్పటిదాకా ఎక్కడా వణకలేదు. ఇది నిన్ను ఊరడించడానికి రాసింది కాదు, ఒట్టు.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఉత్తరం చదివాక, పిల్లకి చెప్పకుండా నీకు చెప్పకూడదనిపించింది. పిలిచి బూట్లు తెమ్మన్నాను. తెచ్చింది. నేను నోరు తెరవకముందే లోపలి అట్ట తనే లేపి, ముక్క తీసి నా చేతిలో పెట్టింది. "దీని సంగతేనా మామయ్యా?" అంది. ఎప్పుడు తెలిసిందే అంటే, పెట్టిన మర్నాడే తెలిసిందట. బడి ఆవరణలో బూటు విప్పి చూసుకుందట. అది తీసేసి నడిస్తే ఏమవుతుందోనని ప్రయోగం కూడా చేసిందట. అందుకే ఆ నెలలో మోకాళ్ళు రెండుసార్లు చెక్కుకుపోయాయి. ఆటలో పడ్డానని మీ మరదలికి చెప్పింది.

మరి నాకెందుకు చెప్పలేదే అన్నాను. తల దించుకుని బూటు లేసు మెలితిప్పుతూ కూర్చుంది. అక్కా, అది అన్న మాట అన్నట్టే రాస్తున్నాను. "నీకు చెప్తే నువ్వు అమ్మకి రాస్తావు. అమ్మ నిచ్చెన మీద ఉంటుంది. అక్కడ ఇది గుర్తొచ్చిందంటే కింద పడిపోతుంది."

తొమ్మిదేళ్ళ పిల్ల రెండు నెలలు ఒక్కతీ మోసింది. నేను అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చాను. అది నా వీపు తట్టింది.

ఏం చేయమంటే అది చేస్తాను.

తమ్ముడు


తవ్వకాల బస
మార్చి 9

మా పిడుగుకి,

ఈ ఉత్తరం నీకే. మామయ్య ముందు చదవకూడదు, అత్తయ్య కూడా చదవకూడదు. నువ్వు చదివాక ఇష్టమైతే చూపించు.

నువ్వు నాకు చెప్పకుండా దాచిన సంగతి మామయ్య రాశాడు. ఆయన మీద కోప్పడకు. ఆ ఉత్తరం గట్టు మీద కూర్చుని చదివాను, నిచ్చెన మీద కాదు. పడిపోలేదు. కళ్ళనీళ్ళకి కాసేపు ఏమీ కనబడలేదు, అంతే.

పెద్దవాళ్ళు నీ దగ్గర దాచినవన్నీ చెప్తాను. మీ తాతకి నడక కష్టంగా ఉండేది, మామయ్యకి ఉంది, నాకు ఉంది, నీకు మొదలైంది. ఇది నా వైపు నుంచి నీకు వచ్చింది. నువ్వు ఆటల్లో ఏదో తప్పుగా చేయబట్టి రాలేదు. ఇది ఎంత పెరుగుతుందో నాకు తెలియదు. తెలియదు అని రాయడం కష్టమే, కానీ అబద్ధం రాయకూడదని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నువ్వు పెద్దయ్యాక పరుగెత్తగలవా అని అడిగితే తెలియదు. నేను ఇంకా ఎన్నాళ్ళు బొమ్మలు గీస్తానంటే అదీ తెలియదు. బడి ఆవరణలో బూటు విప్పి చూసుకున్నప్పుడు నీకూ ఏమీ తెలియదు, పక్కన నేను లేను.

పెద్దాయనని అడిగి రెండు నెలలు సెలవు తీసుకున్నాను. శుక్రవారం పొద్దున బండి దిగుతాను. సోమవారం డాక్టరు దగ్గరికి నువ్వూ నేనూ మామయ్యా ముగ్గురం వెళ్దాం. పిల్లని బయట కూర్చోబెట్టండి అని ఆయన అంటే నేను ఒప్పుకోను. ఏం చెప్పినా ముగ్గురికీ కలిపి చెప్పాలి. అర్థంకాని మాట ఆయన నోట వస్తే నువ్వే అడుగు, మేం మొహమాటపడతాం.

నాకు చాలా భయంగా ఉంది, కన్నా. అమ్మకి భయం ఉండదని నువ్వు అనుకుంటే అది తప్పు. ఇకనుంచి నీకు భయం వేస్తే నాకు చెప్పాలి, అప్పటికప్పుడు, దాచకుండా. నేను నిచ్చెన మీద ఉన్నా సరే, కింద నుంచి కేకవెయ్యి.

అమ్మ